నేరం, వయసు, మలుపులు

ఒక మనిషి నేరంలోకి ఎప్పుడు దిగుతాడు, ఎన్నాళ్లు అందులో ఉంటాడు, ఎప్పుడు, ఎందుకు బయటపడతాడు అనే ప్రశ్నల చుట్టూ పెరిగిన అధ్యయన శాఖ జీవనగమన నేరశాస్త్రం. నేరం చేసినవాళ్లనూ చేయనివాళ్లనూ పక్కపక్కన నిలబెట్టి తేడాలు వెతకడం నేరశాస్త్రానికి పాత అలవాటు. ఈ శాఖ ఒకే మనిషిని పసితనం నుంచి ముసలితనం దాకా వెంబడించి, అతనిలో కాలక్రమాన వచ్చే తేడాను చూస్తుంది. అందువల్ల ఇందులో పని నెమ్మది. ఒక్కో అధ్యయనానికి నలభై, యాభై ఏళ్లు పడుతుంది. మొదలుపెట్టినవారు చనిపోయాక వేరేవారు అందుకుని ముగించిన సందర్భాలున్నాయి. ఈ రంగంలో అన్నిటికంటే పేరున్న అధ్యయనం అలాంటిదే.

వయసు గీత

బెల్జియంకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త అడోల్ఫ్ కెట్లే 1831లో ఫ్రాన్స్ న్యాయస్థానాల లెక్కలను వయసులవారీగా విడదీసి చూశాడు. నేరం వైపు మొగ్గు ఇరవై అయిదేళ్ల ప్రాంతంలో పైకెక్కి, ఆ తర్వాత క్రమంగా దిగిపోతోందని తేల్చాడు. ఆ తర్వాత ఐరోపా, అమెరికా గణాంకాల్లో ఈ ఆకారం మళ్లీ మళ్లీ కనిపించింది. పన్నెండు, పదమూడేళ్లకు గీత లేస్తుంది. టీనేజీ చివర్లో శిఖరం తాకుతుంది. ఇరవైల్లో జారిపోతుంది. దొంగతనాల శిఖరం కాస్త ముందు వస్తుంది, హింసది కాస్త వెనక.

ఈ గీత చూడ్డానికి తేలికే గాని, దాన్నిబట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పలేం. పదిహేడేళ్లవాళ్లు ఎక్కువ నేరాలు చేస్తున్నారంటే అర్థం కొద్దిమందే విపరీతంగా చేస్తున్నారనా, లేక చాలామంది ఒకటీ అరా చేస్తున్నారనా? వయసు పెరిగాక గీత దిగిందంటే అందరూ మానేశారనా, కొందరు మాత్రం కొనసాగుతున్నారనా? ఏటా కొత్త మనుషులను లెక్కించే పోలీసు గణాంకాలతో దీనికి జవాబు రాదు. అవే మనుషుల వెంట ఏళ్ల తరబడి నడవాలి.

బోస్టన్ కుర్రాళ్లు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో షెల్డన్ గ్లూక్, ఎలినోర్ గ్లూక్ దంపతులు 1940 ప్రాంతంలో ఆ పనికి పూనుకున్నారు. షెల్డన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు. ఎలినోర్ ఆయనతో సమంగా దశాబ్దాల పాటు పనిచేసినా అక్కడ ఆచార్య పదవి ఏనాడూ దక్కలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని బాలనేరస్థుల సంస్కరణ పాఠశాలల నుంచి అయిదు వందల మంది మగపిల్లలను, బోస్టన్ మామూలు బడుల నుంచి మరో అయిదు వందల మందిని తీసుకున్నారు. వయసు, తెలివితేటల పరీక్షలో మార్కులు, తల్లిదండ్రుల జాతి మూలం, పేద వాడలో నివాసం అనే నాలుగు విషయాల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కరిని జత కుదిర్చారు. తల్లిదండ్రులను, పంతుళ్లను, ఇరుగుపొరుగును అడిగారు. కోర్టు, ఆసుపత్రి, సహాయ సంస్థల కాగితాలు తిరగేశారు. 1950లో పుస్తకం వెలువడింది. అదే కుర్రాళ్లను పాతికేళ్ల వయసులో ఒకసారి, ముప్పై రెండేళ్లకు మరోసారి వెతికి పట్టుకున్నారు.

పేదరికం ఇద్దరికీ సమానమైనప్పుడు తేడా ఇంట్లో ఉందని గ్లూక్ దంపతులు కనుగొన్నారు. తండ్రి క్రమశిక్షణ ఎలాంటిది, తల్లి పర్యవేక్షణ ఎంత, తండ్రి ప్రేమ, తల్లి ప్రేమ, కుటుంబం కలిసికట్టుగా ఉందా లేదా అన్న అయిదింటితో ఒక పట్టిక తయారుచేశారు. దానితో బడిలో చేరే వయసులోనే కాబోయే నేరస్థుణ్ణి పసిగట్టవచ్చన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న మన సామెతకు గణాంకాల తొడుగు తొడిగినట్టే ఇది. నేరాన్ని సమాజం నుంచి, సావాసం నుంచి వివరించిన ఎడ్విన్ సదర్లాండ్‌కూ ఆయన శిష్యులకూ ఈ ధోరణి గిట్టలేదు. వాదంలో గ్లూక్ దంపతులు ఓడారని చెప్పడం కంటే, తర్వాతి తరం వారిని చదవడం మానేసింది అనడం సబబు.

ఎలినోర్ 1972లో, షెల్డన్ 1980లో కన్నుమూశారు. వాళ్ల కాగితాలు అట్టపెట్టెల్లోకెక్కి హార్వర్డ్ లా లైబ్రరీ నేలమాళిగకు చేరాయి. 1980ల మధ్యలో జాన్ లాబ్, రాబర్ట్ శాంప్సన్ అనే ఇద్దరు యువ పరిశోధకులు వాటిని బయటికి తీసి, చేతిరాత ఫైళ్లను కంప్యూటరుకెక్కించి, గ్లూక్ దంపతులు అంతగా పట్టించుకోని కోణంలో లెక్కలు వేశారు. 1993లో వచ్చిన వారి తొలి పుస్తకం గ్లూక్ దంపతులను సగం సమర్థించింది, సగం ఖండించింది. బాల్యం వరకు వారు చెప్పింది నిలబడింది. పేదరికం నేరుగా కాక ఇంటి క్రమశిక్షణను, పర్యవేక్షణను దెబ్బతీయడం ద్వారా పిల్లలను తాకుతోంది. కానీ పెద్దయ్యాక కథ మారింది. సంస్కరణ పాఠశాలలో పెరిగినవాళ్లలోనే నిలకడైన ఉద్యోగం దొరికినవారు, భార్యతో అనుబంధం బలపడినవారు నేరాల నుంచి జరిగిపోయారు. అదే బాల్యం గడిపి, ఈ రెండూ దక్కనివారు జరగలేదు.

అంతటితో ఆగకుండా 1990లలో వాళ్లు ఆ మనుషులనే మళ్లీ వెతికారు. అప్పటికి వాళ్లు డెబ్బైకి దగ్గరపడుతున్నారు. అయిదు వందల మంది నేర రికార్డులను, మరణ ధ్రువపత్రాలను డెబ్బై ఏళ్ల వయసు వరకు సేకరించి, 52 మందిని కూర్చోబెట్టి జీవితకథలు చెప్పించుకున్నారు. 2003లో వెలువడిన రెండో పుస్తకంలో తేలిన విషయం గ్లూక్ పట్టికకు గట్టి దెబ్బ. వాళ్లలో అతి తీవ్రంగా నేరాలు చేసినవారి గీత కూడా చివరికి కిందికే దిగింది. ఎవరు ముప్పైలో మానతారు, ఎవరు యాభై దాకా లాగుతారు అన్నది వాళ్ల బాల్యపు ఫైళ్లలో దొరకలేదు.

కొద్దిమంది, ఎక్కువ నేరాలు

ఈలోగా ఇతర నగరాల్లో ఇంకో రకం పరిశోధన సాగింది. 1945లో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగిన 9,945 మంది మగపిల్లల పోలీసు రికార్డులను మార్విన్ వూల్ఫ్‌గ్యాంగ్, ఆయన సహచరులు తిరగేశారు. మూడోవంతుకు మించి పిల్లలు పద్దెనిమిదేళ్లలోపు ఒక్కసారైనా పోలీసుల కంటపడ్డారు. వారిలో అయిదు, అంతకు మించి నేరాలు నమోదైనవారు 627 మంది. మొత్తం పిల్లల్లో 6 శాతమైన వీళ్లే సగానికి పైగా నేరాలు చేశారు. దక్షిణ లండన్‌లో డోనాల్డ్ వెస్ట్ 1961లో మొదలుపెట్టగా డేవిడ్ ఫారింగ్టన్ దశాబ్దాల పాటు నడిపిన అధ్యయనంలోనూ ఇంతే. ఎనిమిదేళ్ల వయసున్న 411 మందితో మొదలై, వాళ్లకు యాభై వచ్చేసరికి పదిమందిలో నలుగురికి ఏదో ఒక శిక్ష పడింది. ఆ శిక్షల్లో సగం 7 శాతం మందివే.

1972లో ఫిలడెల్ఫియా లెక్క బయటికి రాగానే రాజకీయ నాయకులకు ఆశ పుట్టింది. ఆ ఆరు శాతాన్ని ముందే గుర్తించి జైల్లో పెడితే నేరం సగమవుతుంది కదా! చిక్కంతా ముందే గుర్తించడంలో ఉంది. ఈ చిక్కును సెయింట్ లూయిస్‌లో మానసిక వైద్యశాలకు వచ్చిన పిల్లలను పెద్దయ్యాక వెతికిన సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్ 1960, 70లలోనే చూపింది. కరడుగట్టిన పెద్దవాళ్ల గతం తవ్వితే దాదాపు అందరూ చిన్నప్పుడు అల్లరి మూకే. అయితే అల్లరి మూకలో ఎక్కువమంది అలాంటి పెద్దవాళ్లు కారు. వెనక్కి చూస్తే అంతా ముందే రాసిపెట్టినట్టుంటుంది, ముందుకు చూస్తే దారులు చీలిపోతుంటాయి. ఈ రంగంలో జరిగిన తగాదాల్లో చాలావాటికి మూలం, ఎవరు ఎటు నిలబడి చూస్తున్నారో చెప్పకుండా వాదించుకోవడమే.

రెండు రకాల మనుషులా?

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి మధ్య పుట్టిన 1,037 మంది శిశువులను ఇప్పటికీ పరీక్షిస్తున్నారు. అక్కడి సమాచారంతో పనిచేసిన మనస్తత్వవేత్త టెర్రీ మోఫిట్ 1993లో ఒక ప్రతిపాదన చేసింది. వయసు గీత కింద రెండు గుంపులు కలగాపులగంగా ఉన్నాయని దాని సారం. ఒక గుంపు చిన్నది. నాడీ వ్యవస్థలో సూక్ష్మ లోపాలతో పుట్టి, వాటిని సరిదిద్దే స్తోమత లేని ఇంట్లో పెరిగి, నాలుగేళ్లకు కొరకడంతో మొదలై ముప్పై ఏళ్లకు మోసాల దాకా సాగేవాళ్లు. రెండో గుంపు పెద్దది. శరీరం ఎదిగినా సంఘం పెద్దరికం ఇవ్వని ఆ నాలుగైదేళ్లు మొదటి గుంపును చూసి అనుకరించి, సంపాదన, సంసారం వచ్చాక దిగిపోయేవాళ్లు.

ఈ విభజన చాలామందికి నచ్చింది. నిజానికి అతిగా నచ్చింది. జీవితాంతం వదలని రకం అన్న మాట కోర్టుల్లో, సంస్థల్లో పడితే అది ముద్రగా మారిపోతుంది. బోస్టన్ మనుషుల్లో అలాంటి గుంపు విడిగా కనిపించలేదని శాంప్సన్, లాబ్ అడ్డం తిరిగారు. తర్వాతి పరిశీలనల్లో చిన్నప్పుడు మాత్రమే దుడుకుగా ఉండి టీనేజీకి సద్దుమణిగిన పిల్లలూ బయటపడ్డారు. టీనేజీతో పోవాల్సిన రెండో గుంపులో కొందరు మద్యం, మాదకద్రవ్యాలు, శిక్ష రికార్డు కాళ్లకు చుట్టుకోవడంతో ఇరవై ఆరేళ్లకు కూడా తేరుకోలేదు.

మరో వైపు నుంచి ట్రావిస్ హిర్షీ, మైకేల్ గాట్‌ఫ్రెడ్సన్ అసలు ఈ వెంబడింపులే దండగన్నారు. 1990 నాటి వారి సిద్ధాంతం ప్రకారం ఎనిమిది, పదేళ్లకల్లా ఏర్పడే ఆత్మనిగ్రహమే తేడాకు కారణం. వయసుతో అందరూ తగ్గుతారు, ఎవరి మెట్టు మీద వాళ్లుండి తగ్గుతారు. పెళ్లి, ఉద్యోగం మనిషిని మార్చవు, మారబోయేవాడే పెళ్లి చేసుకుంటాడు, ఉద్యోగంలో నిలబడతాడు.

మలుపులు నిజమేనా

ఈ అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అందుకే శాంప్సన్, లాబ్ మనిషికీ మనిషికీ పోలిక మాని, ఒకే మనిషి పెళ్లిలో ఉన్న ఏళ్లనూ లేని ఏళ్లనూ పోల్చారు. 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం వివాహంలో ఉన్న కాలంలో నేరం జరిగే అవకాశం సుమారు 35 శాతం తక్కువ. దీనికి వారు చెప్పే కారణాల్లో కవిత్వమేమీ లేదు. భార్య వచ్చాక సాయంత్రాలు స్నేహితుల నుంచి ఇంటికి మళ్లుతాయి, ఎక్కడికెళ్లావని అడిగే మనిషి ఉంటుంది, పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరడం కూడా బోస్టన్ పేద కుర్రాళ్లకు ఇలాగే ఉపయోగపడింది. అది పాత వీధి నుంచి, పాత పేరు నుంచి దూరంగా తీసుకుపోయి, తిరిగొచ్చాక ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ ఇప్పించింది.

అయినా కథ ఇంకా ముగియలేదు. నార్వేలో ఏళ్ల తరబడి నేరాలు చేసి ఉద్యోగంలో చేరినవారి రిజిస్టర్లను 2014లో పరిశీలిస్తే, చాలామంది ఉద్యోగం దొరకడానికి ముందే నేరాలు మానేసి ఉన్నారు. అమెరికాలో 1970లలో జైలు నుంచి వచ్చినవారికి లాటరీ పద్ధతిలో పని ఇచ్చిన ఒక పథకాన్ని క్రిస్టఫర్ ఉగ్గెన్ తిరగదోడితే, ఇరవై ఆరు దాటినవారికి ఆ పని మేలు చేసింది, అంతకంటే చిన్నవారికి చేయలేదు. మలుపు బయటి నుంచి వచ్చినా, దాన్ని అందుకునే వయసు లోపల రావాలన్నమాట. షాడ్ మరూనా 2001లో లివర్‌పూల్ మాజీ ఖైదీల కథలు విని ఇంకో సంగతి పట్టుకున్నాడు. మానేసినవాళ్లు తమ గతాన్ని తిరిగి అల్లుకుంటారు. నేను మొదటి నుంచీ మంచివాణ్ణే, పరిస్థితులు అటు లాగాయి అంటారు. అది పూర్తిగా నిజం కాకపోవచ్చు. నిలబడడానికి మాత్రం పనికొస్తోంది.

తలుపులు మూసుకుంటే ఈ మలుపులేవీ రావు. సామాజిక శాస్త్రవేత్త డెవా పేజర్ మిల్వాకీ నగరంలో ఒకే రకం అర్హతలున్న యువకులను ఉద్యోగాలకు పంపింది. జైలు రికార్డు లేని తెల్లవారిలో 34 శాతం మందికి పిలుపు వస్తే, ఉందని చెప్పినవారికి 17 శాతమే వచ్చింది. నల్లవారిలో రికార్డు లేనివారికి 14, ఉన్నవారికి 5. 2003లో అచ్చయిన ఈ అంకెల్లో, ఏ నేరమూ చేయని నల్లవాడి కంటే జైలుకెళ్లొచ్చిన తెల్లవాడే మెరుగ్గా ఉన్నాడు. మనిషి నేరం మానడం అతని సంకల్పం ఒక్కదాని మీదే నడవదని దీనికంటే స్పష్టంగా చెప్పిన ప్రయోగం లేదు.

ఎవరి గీత ఇది?

ఇంతవరకు చెప్పిన మనుషుల్లో దాదాపు అందరూ మగవాళ్లు, అందులోనూ బోస్టన్ మనుషులు పూర్తిగా తెల్లవాళ్లు. వాళ్లు యువకులైన కాలంలో ఫ్యాక్టరీ పనులు పుష్కలం. డునెడిన్‌లో జీవితాంతం కొనసాగే రకంలో ఒక ఆడపిల్లకు పదిమంది మగపిల్లలు తేలారు. టీనేజీతో ముగిసే రకంలో తేడా అంత లేదు.

వయసు గీత వీధి నేరాలది కూడా. లెక్కల పుస్తకాలు దిద్దాలంటే ముందు ఆ కుర్చీలో కూర్చోవాలి. కుర్చీ పాతికేళ్లకు రాదు. 2009 జనవరిలో హైదరాబాద్‌లో బయటపడిన సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసాన్ని ఒప్పుకున్నది యాభై దాటిన అధిపతి. డేవిడ్ వైస్‌బర్డ్ అమెరికాలో చేసిన పరిశీలనలోనూ తెల్లచొక్కా నేరస్థులు నడివయసు వాళ్లు. భారత పోలీసు గణాంకాల్లో అరెస్టయినవారిలో మైనర్ల వాటా చాలా స్వల్పం. అది మన పిల్లల మంచితనమా, ఉమ్మడి కుటుంబాల కాపలానా, లేక పిల్లల గొడవలను స్టేషన్ దాకా తీసుకెళ్లని అలవాటా అన్నది విడిగా తేల్చుకోవాల్సిన విషయం.

పుట్టిన సంవత్సరం కూడా లెక్కలోకి వస్తుంది. షికాగోలో శాంప్సన్, రోలండ్ నీల్ 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1980ల మధ్యలో పుట్టినవారికి, పదేళ్ల తర్వాత పుట్టినవారికి అరెస్టయ్యే అవకాశంలో దాదాపు రెట్టింపు తేడా ఉంది. పిల్లలు మారలేదు, ఇళ్లూ పెద్దగా మారలేదు. నగరం మారింది, పోలీసుల తీరు మారింది. గ్లూక్ పట్టిక లాంటి దేనినైనా ఒక తరం మీద తయారుచేసి తర్వాతి తరం మీద వాడితే లెక్క తప్పుతుంది.

పుట్టుకతో నేరస్థులని రాసినప్పుడు

జీవనగమన దృష్టికి పూర్తి వ్యతిరేకమైన ఊహ ఒకటి మన దగ్గర చట్టమైంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది. 1911 సవరణతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకునే ఎరుకల వారికి రైళ్లు, ప్రభుత్వ ఉప్పు విధానం కలిసి ఆ బతుకుతెరువు తీసేశాయి. తర్వాత వారిని సంచార నేరస్థులన్నారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో 1910లలో వెలసిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. అక్కడ హాజరు పిలుపు, వేలిముద్రలు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న నియమం నడిచాయి. వయసు పెరిగితే మనిషి మారతాడా అన్న ప్రశ్నకు ఆ రిజిస్టర్లలో గడి లేదు.

మద్రాసు ప్రభుత్వం 1947లో, దేశం మొత్తం 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశాయి. దాని స్థానంలో అలవాటు పడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి, పోలీసుల అనుమానం మాత్రం ఊరి పేరుకే అంటుకుపోయింది. 1970లలో కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం స్టూవర్టుపురంలో సంస్కార్ సంస్థ ద్వారా పునరావాస ఉద్యమం నడిపారు. చదువు, భూమి, పని, కొత్త పేరు అన్నవి వారి పనిముట్లు. బోస్టన్ లెక్కలు బయటికి రాకముందే ఆ లెక్కలు చెప్పబోయే మందును వాళ్లు పట్టుకున్నారనాలి. సినిమాలకు మాత్రం ఆ ఊరంటే ఇప్పటికీ గజదొంగలే.

చట్టం ఎక్కడ నిలబడింది

కౌమారం మధ్యలో మెదడులోని ఉద్వేగ వ్యవస్థ ముందు ఎదిగి, పగ్గం వేసే భాగం ఇరవైల దాకా ఎదుగుతూనే ఉంటుందన్న పరిశోధనలు అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వెళ్లాయి. 2005లో ఆ కోర్టు పద్దెనిమిది నిండకముందు చేసిన నేరాలకు మరణశిక్షను తొలగించింది. 2012లో విడుదలకు వీల్లేని యావజ్జీవాన్ని మైనర్లకు యాంత్రికంగా విధించరాదంది.

భారత్ అదే కాలంలో ఎదురు దిక్కున ఒక అడుగు వేసింది. 2012 డిసెంబరు ఢిల్లీ అత్యాచార, హత్య కేసులో ఒక నిందితుడు మైనరు. 2000 నాటి చట్టం ప్రకారం గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచడం తప్ప దారి లేకపోయింది. ఆ ఆగ్రహంలోంచి 2015 బాలల న్యాయ చట్టం పుట్టి, 2016 జనవరిలో అమల్లోకి వచ్చింది. పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వయసువారు ఘోర నేరం చేశారన్న ఆరోపణ వస్తే, వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమికంగా అంచనా వేస్తుంది. ఆపై పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది తేలుతుంది. ఇంత గడబిడలో అదే చట్టంలోని 24వ సెక్షన్ పెద్దగా చర్చకు రాలేదు. పెద్దవాడిగా విచారణ జరిగి దోషిగా తేలిన పదహారు దాటినవారిని మినహాయిస్తే, పిల్లలకు పడిన శిక్ష వల్ల జీవితంలో ఏ అనర్హతా రాకూడదని, గడువు తీరాక రికార్డులు నాశనం చేయాలని అది చెబుతుంది.

పెద్దవారి రికార్డుకు అలాంటి గడువేమైనా ఉండాలా అన్న ప్రశ్నను ఆల్‌ఫ్రెడ్ బ్లూమ్‌స్టీన్, కిమినోరి నకమురా 2009లో లెక్కకు ఎక్కించారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1980లో తొలిసారి అరెస్టయినవారు మళ్లీ పట్టుబడకుండా ఎన్నేళ్లు గడిపితే వారి ప్రమాదం మామూలు జనంతో సమానమవుతుందో చూశారు. పద్దెనిమిదేళ్లకు దోపిడీలో దొరికినవాడికి ఎనిమిదేళ్లకు కొంచెం తక్కువ పట్టింది. చిన్న నేరాలకు, పెద్ద వయసులో దొరికినవారికి అంతకంటే తక్కువ. అంటే ఆ తర్వాత పాత అరెస్టు కాగితం చూసి ఉద్యోగం నిరాకరించే యజమానికి దక్కే అదనపు భద్రత ఏమీ లేదు. తెలుగు రాష్ట్రాల పోలీసు స్టేషన్లలో తెరిచే రౌడీషీట్లకు ఇలాంటి లెక్క వేసినట్టు కనిపించదు. ఏటా సమీక్షించి మూసేయడమో కొనసాగించడమో అధికారి విచక్షణ. ఎన్నికల ముందు కౌన్సెలింగ్‌కు పిలిచే జాబితాల్లో కర్ర పట్టుకుని వచ్చే ముసలివాళ్లూ కనిపిస్తుంటారు.